సామ్యూల్ లేని ఎడమ మూల

షార్జా, ఆగస్టు చివరి ఆదివారం

లీగ్ మొదలవడానికి ఇంకా రెండు వారాలే ఉన్నాయి. కాలేజీ జట్టుకి కోచ్‌నన్న మాటే గానీ, ఈసారి మాకు గోల్ కొట్టేది ఎవరో నాకే తెలియదు. డిఫెన్స్‌కి లోటు లేదు. ఓడిపోకుండా ఆడగలం. గెలవడం ఎలాగో తోచడం లేదు.

పోయినేడు మా గోల్స్‌లో చాలావరకు సామ్యూల్‌వే. నర్సాపురం కుర్రాడు, తల్లి ఇక్కడ నర్సు. పోయిన వారం వచ్చి గ్రౌండ్ గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"అమ్మ కాంట్రాక్టు ఖలాస్ సార్. అమ్మ వీసా మీదే కదండీ నాదీనూ. శుక్రవారం ఫ్లైటండి" అన్నాడు.

అక్కడ కూడా ప్రాక్టీసు మానొద్దని చెప్పాను.

ఇవాళ పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక ప్రాక్టీసు పెట్టాను. నేల ఇంకా సెగలు కక్కుతూనే ఉంది. బంతి ఎవరి కాలికి దొరికినా, తలెత్తి చూడకుండా ఎడమ మూలకే కొడుతున్నారు. ఇన్నాళ్లూ నేను నేర్పింది అదే. అక్కడ సామ్ ఉంటాడు, వెయ్యండి అని. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. బంతి వెళ్లి కంచెకి తగిలి ఆగుతోంది.

చివరికి బెంచీ మీదుండే ఫైజాన్ అనే కుర్రాణ్ణి ఆ మూలకి పంపాను. మిగతావాళ్లు అలవాటు కొద్దీ "సామ్, యల్లా!" అని అరిస్తే, వాడు ఆ పేరుకే పరిగెత్తాడు. గోల్ కూడా కొట్టాడు. అందరూ ఈలలు వేశారు.

ఫైజాన్‌ని, వాళ్ల నాన్న వీసా ఎప్పటిదాకా ఉందని అడగబోయాను. అడగలేదు.