తెగులుకి అల్లుడి మర్యాదలు

పూజ్యులైన మామగారికి,

నమస్కారాలు. మీ ద్రాక్ష కుండీల్లో ఒకదానికి బూజు తెగులు పట్టిందని మీ అమ్మాయి చెప్పగానే ఎగిరి గంతేశాను! దయచేసి మందు కొట్టకండి. ఆ తెగులు ఎలాంటి వాతావరణంలో పిల్లల్ని పెడుతుందన్నదే కదా నా చదువంతా! ఇక్కడ ల్యాబులో తేమనిచ్చే బీరువాలాంటి యంత్రం పాడైంది, ఎండలు మండిపోతున్నాయి, నేను పెంచిన తెగులంతా చచ్చిపోయింది. పరీక్ష చేసే ప్రొఫెసరుగారు బతికున్న తెగులు కళ్లారా చూస్తేనే నాకు పట్టా. వచ్చే వారం ఆయన మీ ఇంటికే వస్తానన్నారు. ఆ కుండీని పెరటి గదిలో పెట్టి, ఆకులు తడిపి, తలుపు మూసెయ్యండి. గది చల్లగా, చెమ్మగా ఉండాలి. ఆకు అడుగున తెల్లటి నూగు వస్తే అది పిల్లల్ని పెట్టినట్టు, నేను గట్టెక్కినట్టే!

మీ ఆశీస్సులే దిక్కుగా,
అల్లుడు

తా.క.: ముందు మీ ఆరోగ్యం అడిగి తర్వాత తెగులు సంగతి రాయమంది మీ అమ్మాయి. ఎలా ఉంది?

*

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. నా ఆరోగ్యం బాగానే ఉంది, తెగులు ఆరోగ్యమే బాలేదు. ఇన్నేళ్లూ దాన్ని చంపడమే పనిగా బతికినవాణ్ణి, ఇప్పుడు లేవగానే వెళ్లి కులాసా అడుగుతున్నాను. ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటుందని మీ అత్తగారు మంచి కుండీలు కూడా పక్కన సర్దింది. బయట ద్రాక్షతోటకి మాత్రం మామూలుగానే మందు కొడుతున్నాను, ఆ సంగతి దీనికి చెప్పలేదు. చల్లదనం ఉంది, చెమ్మ ఉంది, ఆకుల మీద పసుపు మచ్చలూ ఉన్నాయి. మీరన్న తెల్ల నూగు మాత్రం లేదు.

ఇట్లు,
మామ

తా.క.: మర్యాదలకేం లోటు లేదు. అల్లుడి తరఫున వచ్చింది చీకట్లో పడుకోవడమేంటని మీ అత్తగారు రాత్రంతా బల్బు వెలిగించే ఉంచుతోంది.

*

పూజ్యులైన మామగారికి,

బల్బు ఆర్పేయండి! వెంటనే! ఎంత చెమ్మ ఉన్నా, కటిక చీకటి లేకపోతే అది పిల్లల్ని పెట్టదు. నేను రాయకపోవడం నాదే పొరపాటు. ల్యాబులో ఆ యంత్రానికి తలుపేస్తే చీకటి దానంతటదే వచ్చేది.

కంగారుగా,
అల్లుడు

తా.క.: అత్తగారు నొచ్చుకోకుండా చెప్పండి. దానికి సిగ్గెక్కువ అనండి.

*

చిరంజీవి అల్లుడుగారికి,

వచ్చేసింది! రాత్రి బల్బు ఆర్పాం, తెల్లారి చూస్తే ఆకు అడుగున పిండి జల్లినట్టు తెల్లగా నూగు! నేను వేసిన కేకకి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చి, మనవడు పుట్టాడా అని అడిగారు. తెగులు అని చెబితే నా మొహంకేసి అదోలా చూసి వెళ్లిపోయారు. రేపు ప్రొఫెసరుగారు రావడమే తరువాయి!

ఇట్లు,
గర్వపడుతున్న మామ

తా.క.: ఆయన కాఫీలో చక్కెర ఎంత వేసుకుంటారో మీ అత్తగారు కనుక్కోమంది.

*

పూజ్యులైన మామగారికి,

కొంప మునిగింది. ప్రొఫెసరుగారు తిరిగొచ్చి నాతో అన్న మాటలివి: “మీ అత్తవారిల్లు అద్దంలా ఉందయ్యా. కాఫీ అద్భుతం. ఆకుల మీద పసుపు మచ్చలున్నాయి గానీ, బతికున్న తెగులు మాత్రం మచ్చుకైనా లేదు.” ఏమైంది? ఒక్క రాత్రిలో ఎక్కడికి పోయింది? ఈ నెలాఖరులోగా చూపించకపోతే నా చదువు గోదాట్లో కలిసినట్టే.

దిగులుగా,
అల్లుడు

తా.క.: మీ అమ్మాయి నవ్వుతోంది. ఎందుకో చెప్పదు.

*

చిరంజీవి అల్లుడుగారికి,

మీ అమ్మాయికి వాళ్లమ్మ సంగతి తెలుసు కదా, అందుకే నవ్వింది. అంత పెద్దమనిషి వస్తుంటే ఆకులు అలా తెల్లగా, మురికిగా కనబడితే ఏమనుకుంటారని, ఆయన వచ్చే ముందు మీ అత్తగారు ఆకాకూ తిప్పి తడిగుడ్డతో తుడిచేసింది. “ఉండేది ఆకుల్లో కదా, తుడిస్తే పోతుందా?” అంది. మీ ఉత్తరం చూసి నేను అడిగేదాకా ఆ సంగతి నాకూ చెప్పలేదు.

మీ మొహం ఎలా చూడాలా అని ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. ఈలోపు జరిగింది వినండి! ఆవిడ రోగం మొక్కని తుడిచిన గుడ్డతోనే పక్కనున్న మంచి మొక్కలన్నీ తుడిచింది. తడి ఆరకముందే తలుపేసింది. సిగ్గెక్కువన్నారు కాబట్టి బల్బు జోలికి పోలేదు. నిన్న తలుపు తీస్తే ఒక్క కుండీ మిగల్లేదు, గదంతా తెల్లటి నూగే! ప్రొఫెసరుగారికి ఫోను చేస్తే ఆదరాబాదరా వచ్చి, నేల మీద బోర్లా పడుకుని ఆకుల అడుగులు చూశారు. ఒక్క తెగులు ఇంతమందిని కనడం తానెప్పుడూ చూడలేదట. మీ పట్టా మీద అక్కడే సంతకం పెట్టేశారు!

ఇట్లు,
మీ మామ

తా.క.: ఆ గుడ్డ మీ కాలేజీలో అద్దాల బీరువాలో పెడతానని అడిగారు. మాసిన గుడ్డ పెద్దమనిషి చేతికెలా ఇస్తామని, మీ అత్తగారు శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చింది.