నీ తాళంచెవి

సుమీ,

నువ్వు తెలుగు మాట్లాడటం నేర్చుకున్నావే గానీ చదవడం నేర్చుకోలేదు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం చదివేవాళ్లెవరూ లేరు కనక నిజమే రాస్తున్నాను.

ఇక్కడ సింగపూర్‌లో, వన్-నార్త్‌లోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి పని వెల్లువలా వచ్చిపడుతోంది. నువ్వు పెంచిన నా కొడుకు స్కూలు నుంచి ఖాళీ ఫ్లాట్‌కి వస్తున్నాడు. అందుకే మొన్న ఆదివారం ఫెర్రీ ఎక్కి ఇండోనేషియాలో మీ ఊరికి వెళ్లాను, నీ కూతుర్ని నీ చోట ఇంటిపనికి తెచ్చుకుందామని. నీ దగ్గరుండే మా ఫ్లాట్ తాళంచెవి కూడా పట్టుకెళ్లాను.

సముద్రంలో గుంజల మీద నిలబడ్డ మీ ఇంటి ముందు నీ కూతురు నెత్తళ్ల చేపలు ఆరబోస్తోంది. ఊరికి సెల్ టవర్ వచ్చిందట, ఎండుచేపల బేరాలన్నీ ఇప్పుడు ఫోన్లోనేనట. పక్కనే ఉయ్యాల్లో తన పాప.

"మీ అమ్మలాగే నువ్వూ మా ఇంటికి వచ్చెయ్" అన్నాను.

తను నవ్వలేదు, కోప్పడలేదు. నీలాగే సింగపూర్ ఇంగ్లీషు యాసలో, "క్యాన్ట్ లా, కుదరదు ఆంటీ. నేనొస్తే దీన్నెవరు పెంచుతారు?" అంది.

తొమ్మిదేళ్లు నువ్వు మా ఇంట్లో ఉన్నావు. ఆ మాట నిన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు.

తాళంచెవి వెనక్కి తెచ్చాను. తలుపు వెనక నీ మేకుకే తగిలించాను.