లోపలికి ఒక్కసారే

మార్చి 6
ఇయ్యాల ఆఫీసుకు రాజేందర్ వచ్చిండు. అక్క మొగుడు. కాదు — ఒకప్పటి మొగుడు. వెంట కొత్త పెండ్లాం, మౌనిక. కరీంనగర్ల గిన్ని ట్రావెల్ ఆఫీసులుంటే నా కౌంటరే దొరికిందా... తెలిసే వచ్చిండు. "ఏం మరదలా, మంచిగున్నవా? యూరప్ పోతున్నం. వీసాలు చేపియ్యి." పండ్లన్ని బయటపెట్టి నవ్వుతుండు.  మొఖం కంప్యూటర్ దిక్కు తిప్పుకోని ఫారం తెరిసిన.

మార్చి 7
కొన్నేండ్ల కింద వానకాలంల, బాపుకు పానం బాగలేదంటే అక్క సుల్తానాబాద్‌ల బాపు ఇంటికి వచ్చింది. నేను తోలుకపోయి నిర్మల్‌ల వాని ఇంటి ముంగట దింపినప్పుడు ఇంటికి తాళం మారింది. వాడు లోపట్నే ఉన్నడు. "నీకు గీ ఇంట్ల జాగ లేదు" — కిటికీ సుత తియ్యకుంట. వానల గేటు పట్టుకోని నిలబడ్డది స్వరూపక్క. ఆటోల కూసోని చూసినదాన్ని నేను. అప్పట్నుంచి నా దగ్గర్నే ఉంటది, బట్టలు కుడుతది, వాని పేరెత్తది.
నేను మరువ.

మార్చి 19
హైదరాబాద్ పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చిండ్రట. పారిస్, స్విట్జర్లాండ్, రోమ్. "ఒక్క షెంజెన్ వీసా ఉంటే అన్ని దేశాలు తిరుగచ్చట గదక్కా, నడుమ ఎవ్వలు ఆపరట" — మౌనిక. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూసిన. రాలే. అంత వాని మీదికే పోతది.

ఏప్రిల్ 11
పాస్‌పోర్టులు వచ్చినయి. వాడు కంపెనీ పని మీద ముందుగాల పోయొచ్చినోడు — మల్టిపుల్ ఎంట్రీ. ఎన్నిసార్లయినా పోవచ్చు. మౌనికది సింగిల్. లోపల ఉన్నంతసేపు ఎటైనా తిరుగచ్చు. బయట అడుగు పెడితే మళ్ల రానియ్యరు.

ఏప్రిల్ 14
స్విట్జర్లాండ్ వద్దట. లండన్‌ల దోస్తున్నడట. పారిస్, నడుమ లండన్, మళ్ల రోమ్. లండన్ వీసాలు వేరే దిక్కు చేపిచ్చుకుంటడట. లండన్ అంటే షెంజెన్ బయట... నాకు తెలుసు. చెప్పుడు నా పని. "ఏం తక్లీఫ్ లేదు గద?" అన్నడు.
"టికెట్లు బుక్ చెయ్యాల్నా?" అన్న.
"హుషారున్నవ్ మరదలా."
చేసిన.

ఏప్రిల్ 15
మౌనిక ఫోను. "అక్కా, స్వెటర్లు పెట్టుకోవాల్నా?" చెప్పిన. గదొక్కటే చెప్పిన.
పెండ్లాన్ని ఇడిశిపెట్టి ఎట్ల పోతడు? ఇద్దరు ఆగుతరు. పరాయి దేశంల, అందరి ముంగట, వాని మొఖం మీద తలుపేస్తరు.

మే 9
పారిస్ ఫోటోలు పెట్టిండు. నవ్వు బిడ్డా, నవ్వు.

మే 13
అయ్యింది. మధ్యాహ్నం, లండన్ ఎయిర్‌పోర్టు నుంచి మౌనిక. ఒక్కటే ఏడుపు. రోమ్ విమానం ఎక్కనియ్యలే. "ఆయనకు ఫోనియ్యి" అన్న. గా గొంతు ఇనాలె, గందుకే గదా ఇన్ని రోజులు...
"ఆయన ఎక్కిండక్కా. హోటళ్ల పైసలు కరాబైతయన్నడు. నన్ను ఇండియా పొమ్మన్నడు."
 ఆమెకు హైదరాబాద్ టికెట్ నేనే తీసిన.

మే 15
మౌనిక దిగింది. వాడు రోమ్‌ల ఐస్‌క్రీం తినుకుంట ఫోటో. దెబ్బ వానికి తాకలే. తాకినదానికి ఏ పాపం తెల్వది. సిగ్గయితుంది. కోపం మాత్రం తగ్గలే — రెండింతలైంది.

మే 16
మౌనిక ఆఫీసుకు వచ్చింది. చెప్పేసిన — "నిన్ను ఆపుతరని నాకు ముందే తెలుసు. వాని మీద పగతోని చెప్పలే."
కొడుతదనుకున్న. కుర్చీ గుంజుకోని కూసున్నది.
"మీ అక్కనే ఇడిశిపెట్టి పోయిందన్నడు నాకు."
"అబద్ధం." గేటు సంగతి మొత్తం చెప్పిన.
కండ్లు తుడుసుకున్నది. "మీ అక్క నంబరియ్యి."

మే 17
అక్కకు చెప్పిన. "గా పిల్ల ఏం చేసిందే నీకు?" గదొక్క మాట. తర్వాత అర్రల కూసోని మౌనికతోని ఫోన్‌ల మాట్లాడుతనే ఉన్నది. ఒకసారి నవ్వినట్టే ఇనవడ్డది. నాకే అనిపిచ్చిందో...

మే 19
ఇయ్యాల రాజేందర్ దిగుతడు. పొద్దుగాలనే మౌనిక వచ్చింది. అక్క మంచి చీర కట్టింది.
"యాడికి?"
"ఎయిర్‌పోర్టుకు. ఇద్దరం పోయి ఎదురు తీసుకుంటం, అందరి ముంగట వాణ్ని అడుగుతం."
"నేను సుత వస్త."
"నువ్వద్దు." గంతే. మౌనిక నా దిక్కు చూడలే.
విమానం దిగిందని ఆఫీసు కంప్యూటర్ల చూసిన. అక్కకు చేసిన. ఎత్తలే. మౌనికకు చేసిన...
రింగయితుంది. ఈసారి గేటు బయట నిలబడ్డది నేనే.