రిదా మోకాలు

రిదా చెల్లె,

నువ్వు నాతోని మాట్లాడుతలేవు, అందుకే ఈ చిట్టి రాసి నీ మెత్త కింద పెడుతున్న.

చొప్పదండిల కబడ్డీ ఆడుతూ నువ్వు పడ్డప్పుడు ఎక్స్‌రేల ఏం కనవడలే. "పరీక్షలు ఎగ్గొట్టనీకి నాటకాలు" అన్న నేను. నెల రోజులు కుంటుకుంటనే కాలేజీకి పోయినవ్.

నిన్న కరీంనగర్ల ఎమ్మారై తీసినంక డాక్టర్ నాకు బొమ్మ చూపిచ్చిండు.

"ఎక్స్‌రేల బొక్కలే కనవడ్తయి. మోకాట్ల బొక్కల నడుమ మెత్త లెక్కుండే మెనిస్కస్ చినిగింది. ఇంత నొప్పితోని ఈ పిల్ల ఎట్ల నడిచింది?" అన్నడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలే.

తప్పు నాదే, చెల్లె. సోమవారం ఆపరేషన్. ఫికర్ చేయకు, మల్ల ఆడుతవని డాక్టర్ అన్నడు. కబడ్డీ వద్దనే అమ్మీకి నేను చెప్పుకుంట. ఇగనన్న నోరు తెరువు. తిట్లతోనే మొదలువెట్టు, వింట.

నీ భయ్యా