నేను రాయని కుండ

కదిరి. 2003 మే, గురువారం రాత్రి.

సున్నిపిండి ప్యాకెట్లు మూటగా వెనక్కి వచ్చేశాయి. గోరంట్ల దగ్గరి ఒక ఊళ్లో పొదుపు సంఘం ఆడవాళ్లు పెసలు విసిరి, జల్లించి, కవరు అంచులను కొవ్వొత్తి మంట మీద అతికించి అమ్ముతున్నారని పోయిన వారం మా పేపర్లో నేనే రాశాను. ‘స్నానానికి నీళ్లు లేని ఊళ్లో స్నానపు పిండి’ అని శీర్షిక పెట్టిందీ నేనే. అందులో ప్రతి మాటా నిజం.

ఈ రోజు వెళ్తే సంఘం లీడరు నాగమ్మ ఆ మూట చూపించింది.

"అనంతపురం అంగడాయన పంపించేసినాడన్నా. చేతులు కడుక్కునేదానికే నీళ్లు లేనోళ్లు చేసిన పిండి ఎవురు పూసుకుంటారు అంటాండాడు."

"నేనట్ల రాయలేదు కదమ్మా."

"రాయలేదు. కుండ సంగతీ రాయలేదు గదన్నా."

ఆ కుండను నేను చూశాను. ట్యాంకరు వచ్చినప్పుడు తలా ఒక చెంబు పోసి దాన్ని నింపుతారు. పిండి పనికి ముందు చేతులు కడుక్కోవడానికి తప్ప, దప్పికైనా ఆ నీళ్లు ముట్టరు. అది రాస్తే శీర్షికకు పదును తగ్గుతుందని వదిలేశాను.

"ఇంగోసారి రాయన్నా. ఈ సరుకు పోకుంటే సంఘం మూసుకోవాల్సిందే" అంది.

వచ్చి, సవరణ వేయమని పేపరు డెస్కుకు ఫోన్ చేశాను. వార్తలో తప్పేముందని అడిగారు. తప్పేమీ లేదన్నాను. తప్పు లేని వార్తకు సవరణ వేయరు. కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట నేర్పింది నేనే.

పొద్దున నాగమ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తానంది. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.