రాళ్ల వాలులో సహదేవి

పాడేరు, 1926 వేసంగి.

అన్నయ్యకి చెల్లెలు కనకరత్నం నమస్కారాలు. మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం, అమ్మకి అలాగే చెప్పు. ఈయనకి నర్సీపట్నం బదిలీ అయింది. ఈ కొండలు ఎప్పుడు దిగుతామా అని మూడేళ్లు ఏడ్చిన దాన్ని, తీరా కబురొచ్చాక కాలు కదలడం లేదు. మాఘంలో చలిజ్వరంతో పోయిన మా పసిదాన్ని పూడ్చిన చోటు విడిచి ఎలా రాను?

నిన్న సాయంత్రం వెళ్లి చూస్తే ఆ రాళ్ల వాలులో గడ్డంతా మాడిపోయి ఉంది. ఒక్క సహదేవి మొక్క మాత్రం పసిదాని గుంట పక్కనే ఊదా రంగు పూలతో నిలబడింది. దాన్నైనా వెంట తెచ్చుకుందామని పెకిలించబోతే, మాకు కట్టెలు తెచ్చే సోములమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పీకొద్దమ్మా. మీ పల్లంలోనూ ఉంటాది ఈ మొక్క. దీన్ని గుంట కాడే ఉండనీ. ఏరు మట్టిలో ఉంటే ఏటేటా పూస్తాది. నానొచ్చి సూస్తుంటాను, నువ్వెళ్లు" అంది. అక్కడే కూలబడి ఏడ్చాను. నాతోపాటు తనూ ఏడ్చి, ఆమే ఇంటికి నడిపించుకొచ్చింది.

వచ్చే ఆదివారం దిగుతున్నాం, ముందు మనింటికే వస్తాం. మాడుగుల దాకా బండి పంపించు. అమ్మ మోకాళ్లెలా ఉన్నాయి? ఆవు ఈనిందా? పసిదాని కోసం వదిన కుట్టిన బొంత, చావట్లో కట్టించిన ఉయ్యాల అలాగే ఉంటే మేం వచ్చేలోగా తీసేయించు. ఎక్కడ పెట్టించావో నాకు చెప్పొద్దు. వదినకి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు.