తంబువా పట్టిన చేతులు

సువా,
సోమవారం

అక్కా,

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగి, నీ జవాబు రాకముందే నా గోడు మొదలుపెడుతున్నాను. ఏమీ అనుకోకు. మా పిల్ల అసెనదాకి పిలుపొచ్చింది, గోలన్ కొండల మీది శాంతిదళానికి. తండ్రీకూతుళ్ళు ఇల్లంతా పరిచి బూట్లకి మెరుగు పెట్టుకుంటున్నారు. పొనిపాతే రిటైరయ్యాడే గానీ, సైన్యం ఆయన్ని వదలలేదు. వాళ్ళిద్దరి మధ్య నేను పరాయిదాన్ని.

ఈ శనివారం పొనిపాతే వాళ్ళ ఊరి పెద్దలు తంబువా పట్టుకుని మన ఊరు వస్తున్నారు, పిల్లకి తల్లివైపు సెలవు అడగడానికి. మేనమామ ఉంటే ఆ తిమింగలం పన్ను వాడే అందుకునేవాడు. మన ఇసోవా లేడు. నాన్నా లేడు. నువ్వు లంబాసా నుంచి ఓడెక్కి రాలేవు. మనవాళ్ళు కూర్చుని నా పేరు తేల్చారు. "ఆడదైతేనేం, ఆ ఇంటికి మిగిలింది ఉనైసే. యూనివర్సిటీలో అంతమందికి పాఠాలు చెబుతుందే, చాప మీద ఓ పూట కూర్చోలేదా?" అన్నాడట లైతియా బావ.

అక్కా, నేను దాన్ని అందుకోను.

అందుకుంటే అడిగింది ఇచ్చేసినట్టే, నీకు తెలుసు. అందుకోకపోతే పిల్ల ఆగిపోతుంది. తల్లివైపు ఊరు సెలవివ్వని పిల్లని పంపేది లేదని పొనిపాతే పెద్దలు ముందే అన్నారు. దాని చోటుకి ఇంకో పిల్ల సిద్ధంగా ఉంది కూడా. ఈ ఆచారాలన్నీ ఎందుకు పుట్టాయో, ఎలా నిలిచాయో తరగతిలో ముక్కలు చేసి చెప్పేదాన్ని, ఇప్పుడు నేను నమ్మని దాన్నే అడ్డుగా పట్టుకుంటున్నాను. సిగ్గుగానే ఉంది. కానీ ఇసోవా లెబనాన్ వెళ్ళినప్పుడు ఏ లోటూ జరగలేదు కదా? నాన్న తంబువాని కళ్ళకద్దుకుని మరీ పంపాడు. వాడి శవప్పెట్టె తిరిగొచ్చాక అమ్మ చాప అంచు పీకుతూ కూర్చునేది, చివరికి చాప సగమైంది. నాకు అదే కనిపిస్తోంది. పిల్ల నన్ను జన్మంతా క్షమించకపోయినా సరే, నా కళ్ళముందు ఉంటుంది.

రాత్రి భోజనాల దగ్గర పరాకుగా అది గ్లాసు తోసేస్తే, నేను గాల్లోనే పట్టుకున్నాను. "చిన్నప్పుడు కావాలనే తోసేదాన్ని, నువ్వు ఎగిరి పట్టుకోవడం చూద్దామని" అని నవ్వింది. నవ్వలేకపోయాను.

నీ
ఉనైసి

*

సువా,
ఆదివారం

అక్కా,

అయిపోయింది. నా చేతులతోనే అయిపోయింది.

నన్ను ముందు వరసలో, నాన్న కూర్చునే చోట కూర్చోబెట్టారు. లైతియా బావ ఊరుకుంటాడా? "మేడమ్ గారూ, ఇక్కడ సుద్దముక్క ఉండదు, చేతులు ఖాళీగా పెట్టుకోండి" అన్నాడు. "నీ నోరు ఖాళీగా పెట్టుకో బావా, ఊరికి పుణ్యం" అన్నాను. అందరూ నవ్వారు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

పొనిపాతే వాళ్ళ తరఫున మాట్లాడేది సెవనాయా తాతే, గుర్తున్నాడా, మన పెళ్ళిళ్ళన్నిటికీ మాట పట్టుకొచ్చిన ముసలాయన. మోకాళ్ళ మీద నిలబడి, తంబువాని రెండు చేతులా ముందుకి చాచి మొదలుపెట్టాడు. నదిని పిలిచాడు, నాన్నని పిలిచాడు, ఇసోవాని కూడా పేరుపెట్టి పిలిచాడు. నేను చాపనే చూస్తూ ఉండిపోయాను. మాట ముగిసింది. నేను చేతులు బయటికి తియ్యలేదు. వెనక వరసలో ఉన్న పిల్ల వంక చూడలేదు, చూస్తే లొంగిపోతానని.

ఎంతసేపు గడిచిందో. అప్పుడు ముసలాయన చేతులు వణకడం మొదలైంది. పన్నుకి కట్టిన తాడు అటూ ఇటూ ఊగింది. ఎవరో వెనక నుంచి "అయ్యో, తాత!" అన్నారు. పన్ను జారింది.

పట్టుకున్నాను, అక్కా. రెండు చేతులతో. అది నేలకి తగిలితే ఏమవుతుందో అనుకునే లోపలే.

ఇల్లంతా ఒక్కసారిగా దోసిలి చప్పట్లు కొట్టింది. తంబువా చేతిలో ఉన్నాక మాట చెప్పాలి. చెప్పాను. ఇసోవాని పంపినప్పుడు నాన్న చెప్పిన మాటలే, ఒక్కటీ తప్పకుండా, నా నోటివెంట వచ్చాయి. "వదిలాం. క్షేమంగా వెళ్ళనీ, క్షేమంగా రానీ." పొనిపాతే తల వంచుకుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూడలేదు నేను. కృతజ్ఞతట. ఎవరికి చెప్పుకోను, అది నా ఇష్టంతో ఇచ్చింది కాదని?

నీ
ఉనైసి

*

సువా,
శుక్రవారం

అక్కా,

పిల్ల వెళ్ళిపోయింది.

నీకో సంగతి రాయాలి. ఆ రోజు తంబువా అయ్యాక యంగోనా పానీయం పంచారు. సెవనాయా తాతకి మొదట్లోనే కొబ్బరిచిప్ప అందింది, అంచుదాకా నిండుగా. ఒక్క చుక్క తొణకకుండా తాగాడు. అప్పుడు నాకు తట్టలేదు. సోమవారం చేమదుంపలు తొక్క తీస్తుంటే తట్టింది. కత్తి పక్కన పెట్టేశాను.

మర్నాడే వాళ్ళ ఊరెళ్ళి అడిగాను. "తాతా, నీ చేతులు ఎప్పట్నుంచి వణుకుతున్నాయి?"

దాచలేదు. "నీ కూతురు వచ్చిందమ్మా నా దగ్గరికి. 'అమ్మ చెయ్యి చాచదు తాతా. కానీ ఏదైనా పడిపోతుంటే చూస్తూ ఉండలేదు' అంది. బొత్తిగా మర్యాద తప్పిన పని. నా బతుకులో ఎప్పుడూ చెయ్యలేదు."

"మరెందుకు చేశావు?"

"నువ్వు వదలకుండా అది వెళ్ళిపోవడం కన్నా ఇదే నయమనిపించింది."

కోపం రాలేదు, అక్కా. అదే భయంగా ఉంది. నాందీలో విమానం దగ్గర పిల్లని పక్కకి తీసుకెళ్ళి, "నాకు తెలిసింది" అన్నాను. యూనిఫాంలో ఉంది, నన్ను పట్టుకోవచ్చో లేదో తెలియక నిలబడింది. "నువ్వు వద్దన్నా, పెద్దల మాట కూడా కాదని దొంగచాటుగా వెళ్ళగలిగేదాన్నే కదమ్మా. నీ చేతులమీదుగా వెళ్ళాలనిపించింది" అంది. "సాక్సులు తడిగా వేసుకోకు" అన్నాను. అదే నా ఆఖరి మాట.

తంబువా నా దగ్గరే ఉంది. పిల్ల తిరిగొస్తే స్వాగతానికి దీన్నే పట్టుకెళ్ళాలి. రాకపోతే పెట్టె ముందు పెట్టడానికీ ఇదే. రెంటికీ మోకాళ్ళ మీద నిలబడి చాచాల్సింది నేనే. రోజూ నూనె రాస్తున్నాను. దాన్ని తగిలించడానికి పొనిపాతే గోడకి మేకు కొట్టబోయాడు, వద్దన్నాను. నా పక్కన చాప మీదే పెట్టుకుంటున్నాను. అక్కణ్ణుంచి అది ఎక్కడికీ పడే వీల్లేదు. నాకు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

నీ చెల్లెలు
ఉనైసి